గాలి స్క్రూ మీద రంగు చుక్క

చాచా పోయారన్న కబురు నాకు విడిభాగాల దుకాణం ఆయన ఫోన్ చేసి చెప్పాడు. అరిగిన పిస్టన్ రింగును కూడా కొత్తదని అంటగట్టే మనిషి కనుక నేను నమ్మలేదు. ఫోన్ పెట్టేసి ఇంకో ఇద్దరిని అడిగాను. వాళ్లూ అదే చెప్పారు. ఒక కబురును ముగ్గురి దగ్గర సరిచూసుకున్నందుకు చాచా ఉంటే నన్ను మెచ్చుకునేవారని అనిపించింది. ఏడుపు అప్పుడొచ్చింది.

చాచా నాకు చుట్టం కాదు, మెకానిక్. సిద్దిపేట నుంచి చింతమడక పోయే దారిలో మాకున్న రాళ్ల దిబ్బ మీద నేను సవారీ మైదానం నడుపుతున్నాను. మీలో కొందరు వచ్చే ఉంటారు. బైకులా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండ్లెక్కి గుట్ట మీదికి పోయి దిగి రావడం అక్కడి సరదా. అలాంటివి నా దగ్గర నాలుగున్నాయి, అన్నీ పాత టూ స్ట్రోక్‌వి. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. కుర్ర మెకానిక్‌లు వాటిని చూసి దండం పెట్టి వెళ్లిపోయారు. మోపెడ్లు, స్కూటర్లు, పొలాల్లో మందు కొట్టే పంపులు బాగుచేస్తూ తల నెరిసిన చాచా ఒక్కరే ఒప్పుకున్నారు. నారాయణరావుపేట నుంచి కూడా రైతులు పంపు భుజాన వేసుకుని ఆయన ఇంటికొచ్చేవారు.

అనుమానంలో నేనేమీ తక్కువదాన్ని కాదు. మొదట్లో ఆయన వచ్చే ముందు పెట్రోల్ క్యాన్ మీద పెన్నుతో గీత పెట్టేదాన్ని, వెళ్లాక ఎంత తగ్గిందో చూసుకోవడానికి. ఒకరోజు చూస్తే నా గీత పక్కన ఇంకో గీత ఉంది.

"గది నాది," అన్నారు చాచా తల ఎత్తకుండానే. "నేను పోయినంక నువ్వు తీస్కొని నా మీద పెడ్తవేమోనని."

అంతే, ఆ రోజు నుంచి మాకు పొత్తు కుదిరింది.

ఆయన దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. పెట్రోల్‌ను అరచేతిలో రుద్ది వాసన చూడందే ట్యాంకులో పోయనిచ్చేవారు కాదు. కొత్త సామాను తెస్తే ముందు డబ్బాను చూసేవారు, తర్వాత నన్ను చూసేవారు. స్క్రూ డ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. ఆ సమయంలో ఎవరు పలకరించినా కసురుకునేవారు. పాత సామాను పడేసే డ్రమ్ము ఒకటి మైదానంలో ఉంది. వచ్చీ రాగానే అందులో చెయ్యి పెట్టి కెలికేవారు.

"బండికేమైందో నువ్వు సగమే చెప్తవు బేటీ. డ్రమ్ము పూరా చెప్తది."

అన్నిటికంటే పెద్ద అనుమానం గాలి స్క్రూ మీద. కార్బొరేటర్ పక్కన గోరంత ఉంటుంది అది. బయటికి తిప్పితే ఇంజన్‌కు గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటు ఆయిలూ తగ్గుతుంది. చాచా దాన్ని సరిచేశాక, స్క్రూ తలనూ పక్క లోహాన్నీ కలుపుతూ గోళ్ల రంగు చుక్క పెట్టేవారు. ఎవరైనా తిప్పితే చుక్క పగిలి దొరికిపోతారు. సీసా చాచీది, బీట్‌రూట్ రంగు. చాచా చొక్కా జేబులో చేరాక అది మళ్లీ ఆవిడ చేతికి రాదనే అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో నా బండ్ల పొగ మీద జనం జోకులేయడం మొదలుపెట్టారు. దోమల మందు బండి వచ్చిందని ముక్కు మూసుకునేవారు. మూడో నంబరు బండిది మరీ ఎక్కువ. పొగ తగ్గించమని చాచాను అడిగాను.

"రానీ," అన్నారు. "పొగొస్తుందంటే లోపలికి ఆయిల్ అందుతున్నట్టు. దిగుడుల నువ్వు యాక్సిలరేటర్ ఇడిసిపెడ్తవు. ఇంజన్ మాత్రం గిర్రున తిరుగుతనే ఉంటది. అప్పుడు దానికి దూపయితది. గందుకే జర ఎక్కువ తాగనియ్యాలె."

నాకు నచ్చలేదు. పని తొందరగా ముగించుకోవడానికి చెప్పే మాటేమోనని అనుమానం వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆయన లేని వేళ చూసి, మూడో నంబరు గాలి స్క్రూను నేనే బయటికి తిప్పాను, ఒక చుట్టూ ఇంకాస్తా. చుక్క చిట్లింది. అప్పటికే గాజుల దుకాణంలో అదే రంగు సీసా కొని ఉంచుకున్నాను. దాని మూత పగిలి ఉంటే వైర్లకు చుట్టే ఆకుపచ్చ టేపు చుట్టి ఒక చుక్క పెట్టాను. నీడలో చూస్తే అచ్చం ఆయన చుక్కే. సీసాను డ్రమ్ములో పడేశాను. పొగ నిజంగానే తగ్గింది. ఆ సాయంత్రమంతా నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఆదివారం ఒక అబ్బాయి మూడో నంబరు మీద గుట్ట దిగుతుంటే సగం దిగుడులో ఇంజన్ కీచుమని పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయి అబ్బాయి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. మణికట్టు విరిగింది. దవాఖానకు పంపించి చాచాకు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి స్పార్క్ ప్లగ్ విప్పారు. బాగున్న ఇంజన్ ప్లగ్ చాయ్ రంగులో ఉండాలి. ఇది పెట్రోల్, ఆయిల్ చాలక సున్నం కొట్టినట్టు తెల్లగా కాలి ఉంది.

"ఎవరన్న ముట్టిన్రా బేటీ?"

"లేదు చాచా."

బండిని ఎండలోకి తోయించి, కార్బొరేటర్ తుడిచి, కళ్లద్దాలు పైకి లేపి చాలాసేపు చూశారు. తర్వాత అలవాటు ప్రకారం డ్రమ్ము దగ్గరికి వెళ్లారు. నేను టికెట్ల బల్ల దగ్గరే ఉండిపోయాను. రేపు పొద్దున్నే వచ్చి నాలుగు బండ్లూ చూస్తానని చెప్పి వెళ్లారు. అన్నట్టే నాకంటే ముందు వచ్చి పనిలో ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఆ అబ్బాయి అన్న హైదరాబాద్ నుంచి ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మైదానం నడిపే నేనే బండిని చెడగొట్టానని తేలితే పోలీసు కేసు పెట్టి మూయిస్తానన్నాడు. మా ఇంటికి ఆధారం ఆ మైదానమే.

మెకానిక్ మూడో నంబరు మీదికి వంగి చూసి, "ఈ చుక్క నువ్వే పెడ్తవా?" అని చాచాను అడిగాడు.

"నేనే పెడ్త."

"అన్నిటికీ గిదే రంగా?"

"చూస్కో."

అతను నాలుగు బండ్లూ చూశాడు. చుక్కలన్నీ ఒక్కలాగే ఉన్నాయని, వేరే చెయ్యి పడలేదని అన్నాడు. నా రంగు బాగా కలిసిందని లోపల ఊపిరి పీల్చుకున్నాను.

"స్క్రూ తిప్పింది నేనే," అన్నారు చాచా. "చెయ్యి తప్పింది. తప్పు నాదే."

ఆయన అందరి ముందు చేతులు జోడించి మాఫీ అడిగేదాకా వదల్లేదు ఆ అన్న. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత చాచా చెయ్యి వణుకుతోందట, చూపు ఆనడం లేదట అని బజారులో మాట పుట్టింది. ఆయన ఇంటికి వచ్చే పంపులు తగ్గాయి.

చాచాకు తెలుసా, తెలియదా? రెండేళ్లు నన్ను తొలిచిన పురుగు ఇదే. ఆయన "స్క్రూ డ్రైవర్ మొన అరిగినట్టుందే" అంటే, అది నాకు పెట్టిన చురకేమోనని రాత్రికి నిద్ర పట్టేది కాదు. చాయ్ ఇస్తే ఒకోసారి వద్దనేవారు. ఎందుకు వద్దన్నారో అని లెక్కలేసేదాన్ని. ఎప్పుడూ లేనిది ప్లగ్ రంగు చదవడం నాకు నేర్పడం మొదలుపెట్టారు. "తెల్లగుంటే భయపడు, నల్లగుంటే తుడువు" అనేవారు. ఇదేదో నా చేత నిజం చెప్పించే ఎత్తు అనుకున్నాను. ప్లగ్ ఉన్న వైపే కూర్చునేదాన్ని. కార్బొరేటర్ వైపు చచ్చినా పోయేదాన్ని కాదు. ఒకసారి స్క్రూ డ్రైవర్ నా చేతికిచ్చి, "నువ్వే తిప్పి చూడు, నేనున్న కద" అన్నారు. పనుందని లేచి వెళ్లిపోయాను. ఇప్పుడు తలచుకుంటే, నాకు చేతగానిది నేర్పాలని తప్ప ఆయనకు ఇంకో ఉద్దేశం లేదని తెలుస్తోంది. అప్పుడు నా కంటికి అన్నీ ఉచ్చులే.

చాచా పోయిన వారం తర్వాత చాచీని చూడటానికి వెళ్లాను. ఆవిడ లోపలికి వెళ్లి ఆయన పనిముట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది నీకే ఇయ్యమన్నడు. నువ్వు తప్ప ఎవ్వరు ముట్టొద్దన్నడు."

డబ్బాలో పానాలు, గుడ్డ పేలికలు, చెవికి పెట్టుకునే స్క్రూ డ్రైవర్. మూలన ఒక గోళ్ల రంగు సీసా ఉంది. మూతకు ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.

నా మొహం చూసి చాచీ అంది, "గది నాది కాదు బిడ్డా. నా సీసా నాకు వాపస్ ఇచ్చిండు, రెండేండ్లాయె. నాకు ఇంకోటి దొరికిందన్నడు."

అక్కడి నుంచి నేరుగా మైదానానికి వచ్చాను. ఒకటో నంబరు బండిని ఎండలోకి తోసి, కార్బొరేటర్ మీది ఎర్రదుమ్ము తుడిచాను. చుక్క తళుక్కుమంది. చాచీ రంగులో మెరుపు లేదు. నేను కొన్నదానిలో ఉంది. నీడలో తెలియని ఆ తేడా ఎండలో ఎవరికైనా తెలుస్తుంది. గోటితో గీరాను. మెరుపు పొర కింద పాత బీట్‌రూట్ రంగు కనిపించింది. రెండోది, నాలుగోది కూడా అంతే. ఆ సోమవారం పొద్దున ఆయన చేసిన పని ఇదన్నమాట. డ్రమ్ములోంచి తీసిన నా సీసాతో మిగతా మూడింటి మీదా పూసి, నా దొంగ చుక్కను నాలుగింటిలో ఒకటి చేశారు. తర్వాత రెండేళ్లూ అదే రంగు వాడారు. ప్రపంచంలో ఎవరినీ నమ్మని మనిషి, అబద్ధం చెప్పానని తెలిసీ నన్ను కాపాడారు. ఒక్కసారైనా నా మీద ఆ మాట విసరలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. స్క్రూ తిప్పింది నేను. చాచా చెయ్యి వణకలేదు, చూపు తగ్గలేదు. బతికి ఉండగా ఆయనతో చెప్పాల్సిన మాట ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఇది ఆలస్యమని తెలుసు. ఆయన దగ్గరికి పంపులు తేవడం మానేసిన వాళ్లు ఎవరైనా ఇది చదివితే, చాచీని ఒకసారి పలకరించి రండి.

ఇప్పుడు బండ్ల పని నేనే చూసుకుంటున్నాను. మూడు బండ్ల స్క్రూలు సరిచేసి, ఎండిపోతున్న ఆ సీసాలో కాస్త థిన్నర్ పోసి చుక్కలు పెట్టాను. మూడో నంబరు మాత్రం విప్పలేదు. ఇంజన్ కట్టాక చాచా పెట్టిన చుక్క దాని మీద అలాగే ఉంది.

మొన్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గా బండికి గంత పొగేందక్కా?" అని అడిగింది.

"రానీ," అన్నాను.

బండి గుట్ట ఎక్కి అటు దిగింది. అది కనిపించకుండా పోయాక కూడా నీలం పొగ కాసేపు రాళ్ల మీద ఆగి ఉంది.