కటింగు ముక్కల కాగితం

డ్రెస్డెన్‌లో నా దగ్గరికొచ్చి దిగిన మర్నాడే మా నాన్న జర్మనీ మీద తీర్పు చెప్పేశాడు. నా పేరున వచ్చిన ఉత్తరాన్ని చెవి దగ్గర టపటపలాడించి, మూల కాస్త చింపి, పీచుని వేళ్ళతో నలిపి, "ఎనభై జీఎస్సెమ్ మందం. మంచి సరుకమ్మా" అన్నాడు. ప్లాస్టిక్‌ని పేపర్ డబ్బాలో పడేశానని మా బిల్డింగు చూసుకునే హౌస్‌ఫర్వాల్టుంగ్ వాళ్ళు పెట్టిన చీవాట్లవి. ఆ సంగతి చెబితే, "తిట్టినా మర్యాదైన కాగితం మీద తిడతన్నారు" అని మెచ్చుకున్నాడు.

నాన్నకి తెనాలిలో ప్రెస్సు ఉండేది. పెళ్ళికార్డులు, ఎన్నికల కరపత్రాలు, టెన్త్ గైడ్లు వేసేవాడు. గైడ్లన్నీ న్యూస్‌ప్రింటే. పరీక్షలవగానే బజ్జీల బండికి పోయేదానికి మాప్‌లితో లాంటి ఖరీదైన తెల్ల కాగితం ఎందుకని ఆయన వాదన. సొంతింటి పనులకైతే అదీ లేదు, ఎవరి ఆర్డర్లోనో మిగిలిన కటింగు ముక్కలే. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని అమ్మ దెప్పేది. నా పెళ్ళికార్డులు సగం గులాబీ, సగం పసుపు. మా అత్తగారి వైపు కొందరు రెండు పెళ్ళిళ్ళనుకున్నారు.

ఆదివారం ఆరాధన ఎన్నడూ మానని మనిషి, ఆ ఆదివారం కొండల్లో ఉన్న పాత కాగితపు మిల్లు మ్యూజియానికి తీసుకెళ్ళమన్నాడు. చెక్కను అరగదీసి చవక కాగితం చెయ్యడం ఈ సాక్సనీలోనే మొదలైందని ఎక్కడో చదివాడట. సరే, ముస్లింలకి మక్కా, మనకి జెరూసలేం, ప్రెస్సువాళ్ళకి ఇది కాబోలని బయల్దేరదీశాను.

మ్యూజియం చూపించే పెద్దావిడ గుడ్డపీలికల కాగితాన్ని సొంత కొడుకులా పొగిడింది. వందల ఏళ్ళైనా చెక్కుచెదరదట. చెక్క కాగితం దగ్గరికొచ్చేసరికి మొహం మాడ్చింది. బీదవాళ్ళ చేతికి పుస్తకమైతే ఇచ్చింది గానీ, వెలుగు తగిలితే పచ్చబడి, పెళుసెక్కి, చివరికి పొడైపోతుందంది. నేను మొదటి సగమే తెలుగులో చెప్పాను. జీవితమంతా న్యూస్‌ప్రింట్ మీద అచ్చేసిన మనిషికి ఆ రెండో సగం దేనికి?

"ఎన్నాళ్ళుంటదో అడగమ్మా," అన్నాడు నాన్న.

"టెన్త్ గైడు ఎన్నాళ్ళుంటే ఏంటి నాన్నా?"

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల అమ్మ జ్ఞాపకార్థ కూడికకి పంచిన కరపత్రం. ప్రెస్సు మూసేముందు తను వేసిన ఆఖరి అచ్చు. పైన అమ్మ ఫోటో, కింద బైబిల్ వాక్యం. ఏడాదైనా తిరగలేదు, అంచులు అప్పుడే మాడిన అట్టులా అయిపోయాయి.

"అలవాటు కొద్దీ చేతికందిన న్యూస్‌ప్రింట్ ముక్క మీద వేసేశాను," అన్నాడు. "మీ అమ్మక్కూడా."

స్కాన్ చేసి మంచి కాగితం మీద వేయిద్దామన్నాను.

"అది వేరే కాగితమవుద్ది. మీ అమ్మకి నేనిచ్చింది ఇది."

పెద్దావిడ కరపత్రాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది. పెట్టెలో పెట్టి చీకట్లో దాచమంది. మాటిమాటికీ తీసి చూడొద్దంది. ఈసారి మొత్తం చెప్పాను.

"చూడకపోతేనే ఉంటదంటా?"

"అవును నాన్నా."

తల ఊపి, కవరు జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ కాగితాన్నీ చెవి దగ్గర పెట్టలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. జర్మనీలో అరుదుగా కాసే ఎండ సరిగ్గా ఆయన ఒళ్ళోనే పడుతోంది. కరపత్రాన్ని కవర్లోంచి తీసి మోకాలి మీద పరుచుకుని అమ్మని చూస్తూ ఉండిపోయాడు.

"నాన్నా, ఎండ," అంటూ తెర దించబోయాను.

"ఉండనీ," అన్నాడు తల ఎత్తకుండానే. "నేనున్నంత వరకూ వస్తదిలే."