అక్క వేలికి సాగే దారం

చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బోధన్ గాలిని గిన్నెలో పట్టి పొయ్యి మీద పెడితే పాకం వచ్చేది. నేను పెట్టి చూడలేదు గానీ, వచ్చేదే. ఆ తీపి మత్తులో ఊరంతా సగం నిద్రలో నడిచేది. మా అక్క మాత్రం నిద్రలో కూడా బీడీలు చుట్టేది. ఆమె వేళ్ల వేగానికి గాలి పుట్టి, పక్కన కూర్చున్నవాళ్లు ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేవాళ్లు. తొంభైల మొదట్లో ఒక మధ్యాహ్నం అలాగే కళ్లు మూసుకుని, తునికాకుకు బదులు తన ఎడమ చూపుడువేలిని కత్తిరించుకుంది. సరిగ్గా నడిమి కణుపు మీద లోతుగా తెగింది.

నిజామాబాద్ బస్సెక్కించాను. చెరుకు బండ్ల వెనక బస్సు పడవలా ఊగుతూ పోతోంది. అక్క గుడ్డ చుట్టిన చేతిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది.

"తమ్మీ, గీ ఏలు వంగకపోతె బీడీ ఎట్ల సుట్టాలె?"

బోధన్ దాటినప్పటి నుంచీ అదే మాట. బీడీ తిరిగేది ఆ వేలి మీదే. అక్క ఇల్లు తిరిగేదీ ఆ వేలి మీదే.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక చిన్న దవాఖాన. డాక్టరు కుర్రవాడు. కుట్లు వేసే నీలం దారమొకటి తీసి, లాగి చూపించాడు. సాగింది. వదిలితే వెనక్కి వచ్చింది. నా కళ్లకైతే అది మాక్లూర్ దాకా పోయి, అక్కడెవరితోనో రెండు ముచ్చట్లాడి తిరిగొచ్చినట్టుంది.

"దెబ్బ తగిలినచోట వాపొస్తదమ్మా. మరమ్మత్తుకని ఒళ్లే అక్కడికి నెత్తురు, నీళ్లు పంపుతది. సాగని దారమైతే వాచిన కండను కోస్తది. ఇది వాపుతో సాగుతది, వాపు తగ్గినంక దగ్గరికొస్తది."

కుట్లు వేయడం అయ్యాక అక్క వాటిని తిప్పి తిప్పి చూసింది. దారం గురించి ఆమెకు పాఠం చెప్పే మనిషి జిల్లాలో లేడు.

"వదులు కట్టినవ్ సారూ. తడి ఆకును గట్టిగ కట్టకుంటె ఎండినంక దారం జారుతది."

"ఇది బీడీ కాదమ్మా."

"బీడీ అయితె గీ కట్టుకు కంపెనోడు వాపస్ పంపుతుండె."

ఇంటికొచ్చిన మూడో రోజుకు వేలు వంకాయంత అయింది. ఎర్రగా, వేడిగా, దాని మీద చాయ్ కాచుకోవచ్చన్నట్టు ఉంది. నీలం కుట్లు సన్నగా సాగి చర్మంలోకి దిగాయి. అక్కకు అనుమానం ముదిరింది.

"సాగింది మల్ల ఎట్ల దగ్గరికొస్తది? లాగుల ఇలాస్టిక్ ఒక్కపారి సాగిందంటె సాగిందే నాయె!"

ఆ మధ్యాహ్నం నాకు కునుకు పట్టింది. కలలో నీలం దారం మీద చెరుకు బండ్లు నడుస్తున్నాయి. ఒక్కో బండికి దారం వంగుతోంది, బండి దాటాక మెల్లగా లేస్తోంది. నేను లేచేసరికి అక్క వేలికి, కుట్ల మీదుగా, బీడీల దారం పది చుట్లు చుట్టి ఉంది. ముడి పళ్లతో బిగించినట్టుంది. వేలి కొన నీలంగా మారింది.

"ఏం జేసినవక్కా!"

"డాక్టర్ సరిగ కట్టలే, నేను కట్టిన. వాపు దిగుతది."

"వాపు గాదు, ఏలే ఊడుతది!"

కత్తెర అందుకున్నాను. "సూసి కొయ్యి, ఇంకో ఏలు కొయ్యకు," అంది అక్క, అదేదో నాకు అలవాటైనట్టు. దారం తెగింది. వేలి కొన కాసేపు ఎటూ తేల్చుకోలేదు. తర్వాత తెల్లబడింది, ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా ఎర్రబడింది. ఫ్యాక్టరీ మసి కిటికీలోంచి నల్లటి మంచులా రాలుతోంది. మేమిద్దరం తెల్లారని ఒక ఉదయాన్ని చూస్తున్నట్టు ఆ వేలినే చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు డాక్టరు తిట్టాల్సినవన్నీ తిట్టి పంపాడు. రెండు రోజులకు వాపు దిగడం మొదలైంది. దానితోపాటే నీలం దారం కూడా, ఎవరూ ముట్టకుండానే, దగ్గరికొచ్చింది. అక్క రోజూ పొద్దున్నే గోటితో కుట్టు కింద మీటి చూసేది, వదులు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"దీనికి బుద్ధున్నది తమ్మీ," అంది చివరికి. "లావైతె ఇడిసింది, సన్నగైతె పట్టుకున్నది."

పన్నెండో రోజు కుట్లు తీశారు. దారం పోయిన దారుల్లో సన్నటి చుక్కలు మిగిలాయి. ఒళ్లు ఆ పరాయి దారం చుట్టూ లోపల పల్చటి గోడ కట్టుకుందట, డాక్టరు చెప్పాడు. "వంచమ్మా," అన్నాడు. వేలు సగం వంగి ఆగింది. అక్క దాన్ని చూసింది, డాక్టరును చూడలేదు.

నెల రోజులు గోరువెచ్చని నీళ్లలో పెట్టింది, వంచింది, తిట్టింది, బతిమాలింది. వేలు ఇంకొంచెం వంగింది, పూర్తిగా మాత్రం ఒప్పుకోలేదు. ఒక రోజు బీడీల చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు జారింది. మళ్లీ జారింది. మూడోసారి బీడీని మధ్యవేలికి అప్పజెప్పింది. వంకరగా, పొట్ట ఉబ్బి, ఒక బీడీ పుట్టింది.

"గలీజుగున్నది," అంది. ఇంకో ఆకు తీసుకుంది. ఆ తర్వాత ఇంకోటి. పొద్దుగూకేసరికి మిగతా వేళ్లు వంగి పనిచేస్తుంటే, చూపుడువేలు వాటికి దారి చూపించే పెద్దమనిషిలా సగం నిటారుగా నిలబడి ఉంది.