రెండు ఊళ్ల మేక్‌కు ఒకే ఫ్లాపీ

ప్రసన్నకుమారి కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు నంద్యాలలో లేరు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే ఆమె కాలు ఊపే ఊపుకు బెంచీ కదిలి, కూర్చున్నవాళ్లతో సహా పాస్టరు గారి ముందుకొచ్చి ఆగేదట!

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో ఆమె టైపు నేర్పే పని వదిలి, ఒక విత్తనాల కంపెనీకి రైతుల చీటీలు అచ్చువేసే ప్రోగ్రాములు రాసేది. నంద్యాల ఆఫీసులో ఒక కంప్యూటరు, ఆళ్లగడ్డ గోడౌనులో ఇంకొకటి, పాతది. ప్రోగ్రాము ముక్కలను కలిపి తయారుచేసే పని మేక్ అనే సాధనానిది. ఏ ముక్కను ఎట్లా చెయ్యాలో నియమాలు రాసిస్తే చేసిపెడుతుంది. చిక్కల్లా, ఆ రెండు మేక్‌లూ ఒక రకానివి కావు. 'పైన చెప్పిన ఫైలే' అనడానికి ఆమె వాడే పొట్టి గుర్తు నంద్యాల మేక్‌కు తెలుసు. ఆళ్లగడ్డది ఆ చోటు ఖాళీ అనుకుని చతికిలబడేది. అందుకే ఊరికో నియమాల ఫైలు, ఊరికో ఫ్లాపీ.

ఒక శనివారం ఆదరాబాదరా బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి చూస్తే, సంచిలో ఉన్నది నంద్యాల ఫ్లాపీ.

"ఏందమ్మా, మళ్లా మొండికేసిందా?" అన్నాడు గోడౌను మేనేజరు మద్దిలేటి.

"నంద్యాల్లో బాగనే నడుస్తాంది సార్."

"ఆడ నడిస్తే నాకేంది? సోమవారం రైతులొస్తారు. రెండూళ్లలో చీటీలు రాకుంటే ఈ కంప్యూటరు పెట్టెను లారీకెక్కిస్తా, నిన్ను మళ్లా టైపు నేర్పను పంపిస్తా. ముందు కూచో. నువ్వు తిరుగుతాంటే నా తల తిరుగుతాంది."

కూర్చోలేదు. నిలబడే కీలు నొక్కింది. ఆళ్లగడ్డకు సరిపోయేట్టు మార్చడం తెలిసిన పనే. కానీ ఫైళ్లు రెండున్నంతకాలం ఈ తంటా తప్పదు. ముచ్చటపడి నేర్చుకున్న పొట్టి గుర్తులన్నీ పీకేసింది. ప్రతి నియమంలో ఫైలు పేరు పూర్తిగా రాసింది. రెండు మేక్‌లకూ తెలిసిన మాటలే ఉంచింది. ఫైలు బారెడైంది, సొగసు పోయింది. ఆళ్లగడ్డలో మాత్రం నడిచింది.

మరి నంద్యాలలో?

మళ్లీ బస్సు. సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనకే నిలబడింది. ఆమె ఆత్రానికి భయపడి బస్సు దారిలో శిరివెళ్ల దగ్గర ఆగడం మరిచిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నంద్యాలలో అదే ఫ్లాపీ, ఒక్క అక్షరం మార్చకుండా, నడిచింది.

సోమవారం ఆళ్లగడ్డలో మొదటి చీటీ చేతికి రాగానే మద్దిలేటి కుర్చీ జరిపాడు.

"ఇప్పుడన్నా కూచో తల్లీ. టైపు లేదు, గీపు లేదు. నీ పని నీదే."

కూర్చుంది. టీ కూడా తెప్పించాడు.

"ఆత్మకూరులో గూడా ఒక పెట్టె దించుతాండారంట," అని నోరు జారాడు.

"దాంట్లో మేక్ ఎట్లుంటాదో?"

గ్లాసులో టీ ఇంకా పొగలు కక్కుతోంది. కుర్చీ ఖాళీ.