సాంబమూర్తి తాత కొత్త రంగు

మా సాంబమూర్తి తాతకు లోకంలో ముందు కనిపించేది రంగు. మనిషి, పేరు, వావివరస అన్నీ ఆ తర్వాతే. పెడనలో నూలుకు రంగు వేసే పని ఆయనది. పోస్టుమాన్‌ని "ఏమయ్యా గంధంరంగూ" అని పిలిచేవాడు. పెళ్ళికి వెళ్ళొస్తే పెళ్ళికూతురు ఎవరమ్మాయో చెప్పలేడు గానీ, ఆమె చీర అంచు వంకాయరంగా, నేరేడురంగా అని వారం రోజులు వాదించేవాడు.

వాదించడానికి మనిషి దొరికితేనే లెండి. నాయనమ్మ హనుమాయమ్మ పోయి అప్పటికే ఇరవై ఏళ్ళయింది. కొడుకు అంకమ్మరావు, అంటే మా నాన్న, బట్టల మూటతో ఊళ్ళు తిరిగేవాడు. తాత చేతులు మోచేతుల దాకా నీలం. ఏది ముట్టుకున్నా మరకే అని ఇంట్లోకే వచ్చేవాడు కాదు. రంగుల పాకలోనే తిండి, పాకలోనే పడక, బానలతోనే కబుర్లు. "ఏమే, ఇవాళ బాగా చిక్కబడ్డావే?" అని బానను పలకరిస్తుంటే, ఇంట్లో ఒక్కతే కూర్చున్న కోడలు చౌడేశ్వరమ్మ, మా అమ్మ, తననే అనుకుని "ఆఁ మామయ్యగారూ" అని పలికేది.

1974లో అమ్మకు ఏడో నెల వచ్చింది. తాతే బెజవాడ తీసుకెళ్ళి లేడీ డాక్టరుగారికి చూపించాడు. అమ్మ అప్పటికే పదహారు కేజీలు పెరిగిందట. డాక్టరుగారు ఒక నీలం మందు సీసా, ఒక గాజు గొట్టం ఇచ్చి, రోజూ పొద్దున్నే మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచి, ఏ రంగు వచ్చిందో రాసుకుని వారానికి రమ్మంది. ఎందుకో నర్సు చెబుతుందంది. రైలుకు టైమైందని తాత ఆగలేదు. ఆయన చెవిన పడింది ఒకటే మాట: రంగు.

"ఛీ, మీరు ముట్టుకోవడమేమిటండీ!" అంది అమ్మ, ఆ పని తానే చేస్తానన్న తాతతో, సిగ్గుతో చచ్చిపోతూ.

"మా నాన్న నీలిబానలో ఆవు పంచితం పోసేవాడమ్మా. రంగులవాడికి అసయ్యముంటే అన్నముండదు."

మొదటి రోజు గొట్టంలో నీలం పచ్చబడి, పసుపుబడి, చివరికి ఇటికరంగులో నిలిచింది. తాత గంతేశాడు.

"నలభై ఏళ్ళలో ఇంత చక్కని ఇటికరంగు నా చేతికి రాలేదు తల్లీ! నిన్న ఏం తిన్నావు?"

"ఎదురింటి సంపూర్ణమ్మగారు పెట్టిన చలిమిడండీ."

"ఇవాళ ఇంకో ముద్ద తిను. రంగు తగ్గకూడదు!"

వారమంతా చలిమిడి, వారమంతా ఇటికరంగు. పందెం గెలిచినవాడిలా తాత ఆ కాగితం డాక్టరుగారి ముందు పెట్టాడు.

"చంపుతారా ఏమండీ ఆ పిల్లని?" అని లేచిందావిడ. "ఎరుపంటే అంత చక్కెర పోతోందని! నీలం నీలంగా ఉంటేనే మంచిది. బిడ్డ మితిమీరి లావెక్కితే కాన్పులో ఇద్దరికీ గండం." ఇంజక్షన్లు రాసింది. అన్నానికి కొలత పెట్టింది. తీపి బందు.

తిరుగు రైల్లో తాత ఒక్క రంగు పేరూ ఎత్తలేదు. గుడివాడ దాటాక మాత్రం, "మీ అత్తగారి కడుపు చూసి కూడా పేటంతా మురిసిందమ్మా, ఎంత పెద్ద బిడ్డో అని," అన్నాడు. నాయనమ్మ పోయింది ఆ కాన్పులోనే.

మర్నాటి నుంచి తాత పిచ్చి ముదిరింది. కడుపుతో ఉన్న పిల్లకని ఇరుగుపొరుగు సున్నుండలో అరిసెలో తెస్తే, గుమ్మంలోనే కాపు కాసి లాక్కునేవాడు. "బెల్లం పడితే రంగు పట్టుకుంటుందేమో చూద్దాం," అని బానలో పడేసేవాడు. పొద్దున్నే పాకలో కుంపటీ గొట్టమూ ఏమిటని అడిగితే, "కొత్త రంగు కనిపెడుతున్నా," అనేవాడు.

"బంగారంలాంటి సున్నుండలు బానపాలు చేశారు కదండీ, మీ కొత్త రంగు తగలడ!" అని సంపూర్ణమ్మ శాపనార్థాలు పెట్టేది. పిల్లలు "రంగుల పిచ్చి తాతా" అని వెంటపడేవారు.

గొట్టం మెల్లగా పచ్చకొచ్చింది, ఆపైన నీలంలో నిలబడింది. నీలం వచ్చాక ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? అయినా తాతా అమ్మా పాక గుమ్మంలో కూర్చుని, అది నెమలికంఠం నీలమా, శంఖుపూల నీలమా అని ఎండెక్కేదాకా తేల్చేవారు కాదు. అమ్మకు అన్నం తగ్గింది, కబుర్లు పెరిగాయి.

ఒకనాడు అమ్మ ఉండబట్టలేకపోయింది. "నాకు జబ్బని చెప్పెయ్యరాదూ మామయ్యగారూ? పేటంతా మిమ్మల్ని పిచ్చివాడంటోంది."

"నాకా రంగు పట్టి ముప్ఫై ఏళ్ళయింది, ఇప్పుడు కొత్తగా అంటేదేముంది? నీకు చక్కెర జబ్బంటే మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకుందంటారు. ఆ మరక నీ మీద పడితే వదలదమ్మా."

కాన్పు బెజవాడలో అయింది. తల్లీ పిల్లా క్షేమం. మూడు కేజీల ఆ శాల్తీ పేరు ఇక్కడ అనవసరం. తాత ఇంట్లో అడుగు పెట్టడం మాత్రం అప్పుడే మొదలైంది. నెలకోసారి పిల్లను చాపమీద పడుకోబెట్టి, నెత్తి నుంచి మడమ దాకా నూలుపోగుతో కొలిచి, పోగుకో రంగు వేసి దూలానికి కట్టేవాడు. పిల్ల ఒంటినిండా నీలం వేలిముద్రలు. అమ్మ ఒక్కటీ తుడవలేదు.

అయిదో పోగు కడుతుండగా సంపూర్ణమ్మ వచ్చింది.

"మా ఇంటి పిండివంటలన్నీ బానలో ఉడకేశారే, ఇంతకీ ఆ కొత్త రంగు వచ్చిందా అండీ?"

తాత పిల్లను తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఇదా? ఇది ఒట్టి చామనఛాయ కదండీ!"

"చామనఛాయేనమ్మా," అన్నాడు తాత. "ఉతికినా పోదు."