కింది పైపుకు బిగించిన స్విచ్చు

నా భర్త కువైట్‌కు పోయినప్పటి నుంచి, ఆయన వదిలిపోయిన పాత వ్యాన్ నేనే నడుపుకుంటూ ప్రొద్దుటూరు చీరలు ఊరూరా అమ్ముతున్నాను. ఇంజన్ వేడెక్కితే దానంతటదే ఫ్యాన్ తిప్పే స్విచ్చు పాడైతే జమ్మలమడుగులో కొత్తది వేయించాను. "రేడియేటర్ పై పైపుకు వైరు అందదక్కా, కింది పైపుకు బిగిచ్చేదా?" అన్నాడు మెకానిక్. "యాడైతే ఏంలేప్పా, బిగిచ్చు" అన్నాను.

మరుసటి రోజు పులివెందుల దారిలో, మిట్టమధ్యాహ్నం, వ్యాన్ ముందు నుంచి పొగలు లేచాయి. ఫ్యాన్ తిరగడం లేదు. చుట్టూ మనిషన్నవాడు లేడు. ఇంజన్ పోతే నా బతుకుతెరువు పోయినట్లే. నీళ్లు పోద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి, తీసే ముందు ఆయనకు ఫోన్ చేసి, కొత్త స్విచ్చు సంగతీ చెప్పాను.

"మూత తీయొద్దు, మొగం కాలిపోతాది!" అని అరిచాడు. "స్విచ్చు యాడ బిగిచ్చినాడు?"

"కింది పైపుకు."

"ఓసి పిచ్చిదానా! రేడియేటర్లో దిగి ఆడికొచ్చేసరికి నీళ్లు చల్లారిపోతాయి. పైన ఇంజను కాగుతాండేది దానికేం తెలుస్తాది?"

నాకు ఏడుపు ఆగలేదు. నేనూ రోజూ పనులన్నీ తీరి, మనసు కుదుటపడినాకే ఆయనకు ఫోన్ చేసి, "నేను బాగుండాను" అంటాను.

"ఏమే, ఏడుస్తాండావా?"

"ఈడ శానా ఒంటిగా ఉండాది నాకు."

"బండి చల్లారేదాకా ఫోన్ పెట్టన్లే" అన్నాడు.

స్విచ్చు పైకి మార్పించాను. ఇప్పుడు మనసు బాగలేనప్పుడే ఫోన్ చేస్తాను. పనిలో ఉండి ఆయన ఎత్తకపోయినా, మోగినంతసేపూ చెవి దగ్గరే పెట్టుకుంటాను.