నేను రాయనన్న ప్రార్థన

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యేళ్ళు, లోకంలో ప్రతిదానికీ ఒక గడి ఉండాలని గట్టి నమ్మకం. (నమ్మకం ఇప్పటికీ ఉంది, పైకి చెప్పడం తగ్గించాను.) మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తూ టార్నీట్‌లో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. శనివారం మధ్యాహ్నాలు పిన్ని నన్ను పాయింట్ కుక్‌లో ఒక అంకుల్ ఇంట్లో జరిగే తెలుగు ప్రార్థన కూటానికి తీసుకెళ్ళేది. అక్కడ ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థన అంశం చెబుతారు, ఒకరు దాన్ని నోట్‌బుక్‌లో రాస్తారు, వారమంతా అందరూ దానికోసం ప్రార్థిస్తారు. నా చేతికొచ్చేసరికి ఆ నోట్‌బుక్ చిందరవందరగా ఉంది. నేను వరస నంబర్లు వేసి, గళ్ళు గీసి, నెరవేరిన అంశాలను ఆకుపచ్చ పెన్నుతో, స్కేలు పెట్టి మరీ కొట్టేసేదాన్ని. అందరూ మురిసిపోయారు. పీఆర్, అంటే ఆస్ట్రేలియాలో స్థిరంగా ఉండిపోయే అనుమతి, వచ్చి రెండు నెలలైనా ఇంకా పీఆర్ కోసమే ప్రార్థించమంటున్న ఒకాయన్ని అందరిముందూ పట్టుకున్నప్పుడు ఆ మురిపెం కాస్త తగ్గింది. ఒక ఆంటీ మోకాలి నొప్పి పదకొండు వారాలుగా అలాగే ఉంది, కొనసాగించాలా, మూసేయాలా అని అడిగినప్పుడు ఇంకాస్త తగ్గింది.

ఆ ఏడాదే యూనివర్సిటీ కౌన్సెలర్ పంపిన డాక్టరమ్మ నాకు ఆటిజం ఉందని తేల్చింది. నాకు పండగలా అనిపించింది. చిన్నప్పటినుంచీ పొగరు, తిక్క, లోకజ్ఞానం లేదు అని మూడు పేర్లు మోసినదానికి చివరికి ఒక సరైన పేరు దొరికింది. ఆ సంతోషంలో పరుగున వచ్చి పిన్నికి చెప్పాను. పిన్ని ఆ పూట అన్నం తినలేదు.

శనివారం వచ్చింది. అరవై రెండో అంశం రాసి తలెత్తేసరికి పిన్ని తలమీద చున్నీ సర్దుకుని లేచి నిలబడింది. "మా అక్క కూతురికి ఆటిజమంటండీ. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతన్నాను. ప్రభువు ముట్టి బాగుచెయ్యాలని ప్రేయర్ చెయ్యండి," అంది ఏడుస్తూ. గదిలోని కళ్ళన్నీ నావైపు తిరిగాయి.

"రాసుకోమ్మా," అన్నారు ఇంటి అంకుల్, చాలా మెత్తగా.

"రాయను అంకుల్."

"ఏంటే ఆ మాట?" అంది పిన్ని.

"ఇందులో జరగాలనుకున్నవే కదా రాస్తాం! ఇది జరగకూడదు. నాకేం జబ్బు చెయ్యలేదు, నేను పుట్టిందే ఇలాగ. ఈ గళ్ళన్నీ గీసింది మీరు పోవాలంటున్న ఆ ఆటిజమే. అది పోతే మీ పాత నోట్‌బుక్ మీకు వచ్చేస్తుంది, చూస్కోండి మరి!" పెన్నుకి మూత పెట్టేసి లేచి నిలబడ్డాను. నన్ను చూసి మురిసిపోయినవాళ్ళు ఇకమీదట జాలిపడతారేమోనని నా భయం. దానికంటే తిట్టినా నయమే అనుకున్నాను.

ముందు నవ్వింది మోకాలి నొప్పి ఆంటీ. "అమ్మో, ఆ పాత బుక్కు మనకొద్దండీ బాబూ! అందులో నా మోకాలు ఎవరిదో వీసా కింద పడి కనపడకుండా పోయింది."

అందరూ నవ్వారు, పిన్ని తప్ప. "మరి నీకోసం ఏం రాయమంటావమ్మా? నథింగేనా?" అన్నారు అంకుల్. అడిగారు కాబట్టి చెప్పాను (అడిగాక చెప్పకుండా ఉండటం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు). "పాటలప్పుడు టాంబరిన్ నా చెవి పక్కన మోగకూడదు. తల పగిలిపోతోంది."

టాంబరిన్ వాయించేది మా పిన్నే.

తిరుగు ప్రయాణంలో ఒక సిగ్నల్ దగ్గర కారు ఆగాక పిన్ని, "అంత నొప్పయితే ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అంది. "నువ్వు అడగలేదు పిన్నీ," అన్నాను. సిగ్నల్ పచ్చగా మారినా పిన్ని కారు కదపలేదు. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

పై శనివారం పిన్ని టాంబరిన్ పట్టుకుని గదిలో ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. అంశాల వేళకు లేచి, "పోయిన వారం నేను చెప్పింది రాయొద్దులెండి. మా పిల్ల బానే ఉంది," అని గబుక్కున కూర్చుంది. నేను అరవై మూడో అంశాన్ని, అంటే టాంబరిన్‌ని, స్కేలు పెట్టి ఆకుపచ్చ పెన్నుతో కొట్టేశాను.

తర్వాత ఉద్యోగాల్లో చేరి, నిజం చెప్పే ముందు 'ఇఫ్ యూ డోంట్ మైండ్' అనడం నేర్చుకున్నాను. నిండిపోయాక నా దగ్గరే ఉండిపోయిన ఆ నోట్‌బుక్ ఎప్పుడైనా తెరిస్తే, అందరిముందూ 'రాయను' అన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇప్పటి నాకన్నా ఆ పిల్లే గట్టిది. మర్నాడు మీటింగులో ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ మింగేసి, అసలు మాటతోనే మొదలుపెడతాను.