ఎడిటర్ తెరుచుకునే సైజు

భూపాలపల్లిలో మా డీటీపీ షాపులో తలుపు పక్క కుర్చీ నాది. అర్జీ రాయించుకోవడానికి ఎవరొచ్చినా నా దగ్గరే కూర్చునేవాళ్లు. కురవి దగ్గరి తండా నుంచి ఒక పిల్ల వచ్చి నా వెనక కుర్చీలో చేరాక, నన్ను దాటుకుని దాని దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. నాకు కడుపు మండిపోయేది. ఇంట్లో వేరే భాష మాట్లాడుతుంది, తెలుగు బడిలో నేర్చుకుంది. తెలుగు అర్జీలకు దాని దగ్గర జనం!

కారణం వెతికాను. దొరికింది. మేము మాటలన్నీ ముందు ఎడిటర్‌లో, అంటే ఉత్త టైపింగుకు వాడే ప్రోగ్రాంలో కొట్టి, తర్వాత పేజీలోకి ఎక్కిస్తాం. నా ఎడిటర్ తెరిస్తే స్క్రీన్ మూలన అరచేయంత డబ్బా వచ్చేది. లాగి పెద్దది చేసినా, మూసి తెరిస్తే మళ్లీ అంతే. విసుగొచ్చి అలాగే వదిలేశాను. ఆ పిల్లది తెరవగానే స్క్రీన్ నిండా పరుచుకునేది. మానిటర్ వచ్చినవాళ్ల వైపు తిప్పి మరీ కొట్టేది. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను.

అడగాలంటే నామోషీ. కొన్నాళ్లు దిగమింగుకుని, ఒకరోజు టీ తాగుతూ పట్టనట్టు అన్నాను. "నీది తెరవంగనే గంత పెద్దగ ఎట్లొస్తది?"

"ఎంత వెడల్పు, ఎన్ని లైన్లు అని సెట్టింగుల ఫైల్ల రాసిన అక్కా. జర జరుగు, నీకు గూడ పెడత."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు కూడా నాకు గిట్టలేదు. ఏదో కొట్టి, మూసి తెరిచింది. నాది కూడా నిండుగా తెరుచుకుంది.

ఆ మధ్యాహ్నం మొగుళ్లపల్లి నుంచి ఒకామె వచ్చింది. పొలానికి పోయే బాటను పక్కవాళ్లు దున్నేశారట. నేను దర్జాగా మానిటర్ ఆమె వైపు తిప్పి, ఎప్పటిలాగే మొదలుపెట్టాను. 'అయ్యా, నేను మిక్కిలి నిరుపేదను. తమరి పాదాలే నాకు దిక్కు.' అన్ని అర్జీలకూ అదే అతికిస్తాను. ఆమెకు చదువొచ్చు.

"గీ మాట నేను అన్ననా అక్కా? నేనెందుకు కాళ్లు మొక్కాలె? బాట నాది. దున్నింది వాళ్లు."

"అర్జీ అంటె గిట్లనే రాస్తరు చెల్లె."

"అందరు రాస్తె రాయనీ. నాకు గట్ల వద్దు."

లేచి వెనక కుర్చీకి పోయింది. "చెప్పక్కా, బాట ఏడికెళ్లి పోతుండె?" అని ఆ పిల్ల అడగడం, ఆమె చెప్పింది చెప్పినట్టే కొట్టడం నా వీపుకు వినిపిస్తూనే ఉంది. ఒళ్లు భగ్గుమంది.

సాయంత్రంలోగా ఇంకో ఇద్దరు నా స్క్రీన్ చదివి లేచి వెళ్లిపోయారు. చిన్న డబ్బా ఉన్నన్నాళ్లు నేనేం అతికిస్తున్నానో ఎవరికీ కనబడలేదు. మళ్లీ చిన్నది చేద్దామని కూర్చున్నాను. ఆ సెట్టింగుల ఫైలు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు ఆ పిల్లనే అడగాలి.